పచ్చ అంటే ఏ పచ్చ?

తెలుగులో పచ్చ ఒక్కటి కాదు. పచ్చకామెర్లలో ఉన్నది పసుపు. పచ్చగడ్డిలో ఉన్నది ఆకు రంగు. "నీ కాపురం పచ్చగుండ" అని ముసలమ్మ దీవిస్తే అందులో ఏ రంగుందో ఎవరమూ అడగం. స్టేషన్లో పచ్చ జెండా అంటే బండి కదులుతుందని, పెళ్ళింట్లో పచ్చబట్టలంటే పసుపులో ముంచినవని విన్నవాళ్ళే తేల్చుకుంటారు. వినేవాడికి సందర్భం తెలుసన్న ధీమాతో ఆ మాట రెండు రంగులని ఒకే కొంగున కట్టుకుని ఇన్నాళ్ళూ నడిచింది.

ఈ సంగతి నన్ను పట్టుకున్నది ఒక ఏడాది ఫిబ్రవరిలో, మానుకోటలో. స్టేషన్ బోర్డు మీద మహబూబాబాద్ అని ఉంటుంది గానీ మా నోట్లో ఇప్పటికీ మానుకోటే. నాయినకి కంట్లో శుక్లం ముదిరింది. ఆపరేషన్‌కి తేదీ ఇచ్చారు. వారం రోజులు ఇంటి నుంచే పని చేసుకుంటానని ఆఫీసులో చెప్పి హైదరాబాద్ నుంచి వచ్చాను. అవి మిర్చి రోజులు. ఊరి చుట్టూ కల్లాల మీద కాయ ఎండుతోంది. బస్సు కిటికీలోంచి చూస్తే నేల మీద ఎర్ర దుప్పట్లు పరిచినట్టు ఉంటుంది. పగలంతా కళ్ళ నిండా అంత ఎరుపు చూసి, రాత్రి పదింటికి లాప్‌టాప్ తెరిచి ఆఫీసు సర్వర్‌లోకి వెళ్తే అక్కడ ఒక్క రంగు లేదు. నల్లటి తెర, బూడిద రంగు అక్షరాలు, అంతే.

నల్ల తెర మీద పని చేసేవాళ్ళకి రంగు పొలం గట్టున పాతిన రాయి లాంటిది. ఎవరి చెలక ఎక్కడ అయిపోయిందో చదవకుండానే చెప్తుంది. ఎల్ఎస్ అని కొట్టగానే డైరెక్టరీలు నీలంలో, నడిచే ప్రోగ్రాములు ఆకుపచ్చలో, కట్టిపెట్టిన మూటల్లాంటి ఆర్కైవ్ ఫైళ్ళు ఎరుపులో వస్తాయి. గ్రెప్ అని వెతికితే దొరికిన మాట ఒక్కటే ఎర్రగా మెరుస్తుంది. గిట్‌లో తీసేసిన వరుస ఎరుపు, చేర్చిన వరుస ఆకుపచ్చ. పదివేల వరుసల లాగ్ ఫైలులో ఒక తప్పును పట్టుకోవాల్సిన రాత్రి ఆ రంగులు లేకపోతే, కందిలి లేకుండా మోట బావి దగ్గరికి పోయినట్టే.

ఆ రాత్రి లోపలికి వెళ్ళగానే సర్వర్ ఒక మాట అంది. నా టెర్మినల్ ఎవరో తనకి తెలియదని. యునిక్స్ లోకంలో ప్రతి టెర్మినల్‌కీ ఒక పేరుంటుంది. ఆ పేరు టెర్మ్ అనే ఒక చిన్న పెట్టెలో ఉంటుంది. మనం దూరం నుంచి ఎస్ఎస్‌హెచ్ ద్వారా లోపలికి వెళ్తే ఆ పేరు కూడా మనతోపాటు వెళ్తుంది. అవతలి మిషన్ తన దగ్గరున్న పెద్ద జాబితాలో ఆ పేరు వెతుకుతుంది. దొరికితే, ఈ వచ్చినవాడికి ఎన్ని రంగులు కనపడతాయి, తెర ఎలా తుడవాలి, కర్సర్‌ని ఎలా జరపాలి అన్నీ అక్కడే రాసి ఉంటాయి. దొరక్కపోతే చాలాసార్లు రంగు జోలికే పోదు. నా లాప్‌టాప్‌లో కొత్త టెర్మినల్ ప్రోగ్రాము వేసుకున్నాను. దాని పేరు కొత్తది. సర్వర్ పాతది. పాత సర్వర్ జాబితాలో కొత్త పేరు లేదు. అసలు జరిగింది ఇంతే.

నాకు ఆ క్షణాన కోపం రావాల్సింది. గుర్తుకొచ్చింది మాత్రం సిగ్నల్.

నాయిన డోర్నకల్‌లో పాయింట్స్‌మన్‌గా చేశాడు. కాజీపేట నుంచి విజయవాడ పోయే లైన్లో, మానుకోట దాటాక వచ్చే జంక్షన్ అది. భద్రాచలం రోడ్డు వైపు లైను అక్కడే చీలుతుంది. సింగరేణి బొగ్గు కోసం నిజాం కాలంలో వేసిన దారి. రైల్వేలో రంగు అంటే ప్రాణం. కొన్నేళ్ళకోసారి నాయిన కళ్ళ పరీక్షకి పోయి, చుక్కల మధ్యలో దాగిన అంకెలు చదివి వచ్చేవాడు. ఆ రోజు ఇంట్లో అమ్మ కొంచెం తక్కువ మాట్లాడేది. ఆయన నాకు చిన్నప్పుడే చెప్పిన రూలు ఒకటుంది. సిగ్నల్ దీపం ఆరిపోయి ఏ రంగూ కనపడకపోతే, అది ఎరుపు ఉన్నట్టే లెక్క. చీకటిని చూసి దారి ఉందనుకోవద్దు. తెలియనప్పుడు ఆగాలి.

పాత సర్వర్ చేసింది సరిగ్గా అదే. ఎదుటివాడెవడో తెలియనప్పుడు రంగు చూపించే సాహసం చేయలేదు. అక్షరాలు మాత్రం ఇచ్చి ఊరుకుంది. ఎందుకంటే ఆ రంగు నిజానికి రంగుగా ప్రయాణించదు. అక్షరాలుగానే ప్రయాణిస్తుంది. ఎరుపు కావాలంటే ప్రోగ్రాము ముందు ఎస్కేప్ అనే కనపడని అక్షరం పంపుతుంది, దాని వెనక ఒక చదరపు బ్రాకెట్, 31 అనే అంకె, చివర చిన్న ఎం. అర్థమైన టెర్మినల్ వాటిని మింగేసి, అప్పటి నుంచి వచ్చే అక్షరాలకి ఎర్రరంగు వేస్తుంది. అర్థం కాని టెర్మినల్ ఆ బ్రాకెట్నీ 31నీ ఎంనీ అలాగే తెర మీద పోసేస్తుంది. అప్పుడు ఫైలు పేరు వెతుక్కోవాలంటే బియ్యంలో రాళ్ళేరినట్టు ఉంటుంది. దానికన్నా బూడిద రంగే మేలు.

ఈ అంకెల కథ చాలా పాతది. యునిక్స్ పుట్టినప్పుడు దానితో మాటలు మామూలుగా తెర మీద జరిగేవి కాదు. కాగితం మీద టకటకా కొట్టే టెలిటైప్ మిషన్లు ఉండేవి. టీటీవై అన్న మాట ఇప్పటికీ ప్రతి లినక్స్ మిషన్లో బతికుంది, అది ఆ టెలిటైప్ పేరే. రంగు కావాలంటే టైపురైటర్ కాలంలో ఏం చేసేవాళ్ళో నాకు కళ్ళారా తెలుసు. జనగామలో అక్క వాళ్ళింట్లో ఉండి టైపు ఇన్‌స్టిట్యూట్‌కి పోయిన ఎండాకాలం ఒకటుంది. రిబ్బను పైసగం నలుపు, కిందిసగం ఎరుపు. పక్కనున్న చిన్న మీట నొక్కితే రిబ్బను కొంచెం పైకి లేచి అక్షరం ఎర్రగా పడేది. పడీ పడనట్టు నొక్కితే అక్షరం తల నల్లగా, కాళ్ళు ఎర్రగా వచ్చేది. ఎస్కేప్ అక్షరం చూసినప్పుడల్లా నాకు ఆ మీట గుర్తొస్తుంది. అదీ ఏ అక్షరాన్నీ అచ్చు వేయదు. వచ్చే అక్షరాల గురించి ఒక మాట చెప్పి తప్పుకుంటుంది.

తర్వాత గాజు తెరలు వచ్చాయి. ఒక్కో కంపెనీ తెరకి ఒక్కో సంకేత భాష. 1976లో యూరప్‌లో ఎక్మా-48 అనే ప్రమాణం వచ్చింది, 1979లో అమెరికాలో ఎక్స్3.64 అన్న పేరుతో అలాంటిదే వచ్చింది. మధ్యలో 1978లో డిజిటల్ ఎక్విప్‌మెంట్ కార్పొరేషన్ వీటీ100 అనే టెర్మినల్ తెచ్చింది. దానికి రంగులు లేవు, కానీ ఆ ఎస్కేప్ భాష మాట్లాడింది, ఆ భాషే లోకమంతా పాకింది. అదే ఏడాది బర్క్‌లీలో బిల్ జాయ్ టెర్మ్‌క్యాప్ అనే జాబితా తయారు చేశాడు. ఏ టెర్మినల్‌కి ఏం వచ్చో, ఏం రాదో రాసిపెట్టిన బహీఖాతా అది. కొన్నేళ్ళకి మార్క్ హార్టన్ దాన్ని టెర్మ్‌ఇన్‌ఫోగా మార్చాడు. ఎన్‌కర్సెస్ పేరుతో ఆ ఖాతాని దశాబ్దాలుగా కాపాడుతున్న థామస్ డిక్కీ లాంటి వాళ్ళ పేర్లు మన పిల్లలకి తెలియవు. తెలిస్తే బాగుండు. లోకంలో ఎక్కడో మూలన పడి ఉన్న టెర్మినల్‌ని కూడా మరచిపోకుండా, దానికి ఏం చేతనవునో వరుస రాసిపెట్టడం ఎంత ఓపిక!

మా వైపు జనం ఆ జాతి తెరల్ని మొదట చూసింది రైల్వే రిజర్వేషన్ కౌంటర్లోనే. ఆ కౌంటర్లని నడిపిన కన్సర్ట్ అనే సాఫ్ట్‌వేర్ని 1994లో మొదట సికింద్రాబాద్‌లో పెట్టారు. అది నడిచింది యునిక్స్ మీద కాదు, వీఎంఎస్ మీద. కానీ తెర అదే జాతి. అద్దం అవతల నల్లటి పెట్టెలో మినుకు మినుకు మనే అక్షరాలు. వెయిటింగ్ లిస్టూ కన్ఫర్మూ రెండూ ఒకే రంగులో వచ్చేవి. ఏది ఏదో క్లర్కు ముఖం చూసి తెలుసుకునేవాళ్ళం.

ఎస్కేప్ భాషలో ఎనిమిది రంగులు. 30 నుంచి 37 దాకా. ఇందులో ఒక అందమైన లెక్క ఉంది, పిల్లలకి చెప్పదగ్గది. ఎరుపుకి 1, ఆకుపచ్చకి 2, నీలానికి 4 అనుకోండి. ఏదీ లేకపోతే సున్నా, అది నలుపు. ఎరుపు, ఆకుపచ్చ కలిస్తే 3, అది పసుపు. ఎరుపు, నీలం కలిస్తే 5. ఆకుపచ్చ, నీలం కలిస్తే 6. మూడూ కలిస్తే 7, తెలుపు. డ్రాయింగు పెట్టెలో ఎరుపూ ఆకుపచ్చా కలిపితే బురద వస్తుంది. వెలుగులో కలిపితే పసుపు వస్తుంది. అంటే 2కీ 3కీ మధ్య తేడా ఒక్క ఎర్ర దీపం. ఆకుపచ్చకి ఎరుపు తోడైతే పసుపు. తెలుగువాళ్ళు ఆ రెంటినీ ఒకే పచ్చ అని పిలిచారని తలుచుకుంటే, ఆ లెక్క నాకు ఇంటి లెక్కలా అనిపిస్తుంది.

5కీ 6కీ పుస్తకం పేర్లు మెజెంటా, సయాన్. జనగామ బట్టల దుకాణంలో ఆ పేర్లు నడవవు. అక్కతో చీరలకి పోయినప్పుడు విన్నాను. 5కి దగ్గరిది రాణి కలర్. 6కి దగ్గరిది ఫిరోజా. "ఫిరోజాలో జరీ బార్డర్ చూపియ్యన్నా" అంటే సేల్స్ కుర్రాడు ఒక్క క్షణం కూడా ఆలోచించకుండా నిచ్చెన ఎక్కి సరైన మడత లాగుతాడు. మాట వాడి కంటిలో రంగై పోతుంది. టెర్మ్‌ఇన్‌ఫో చేసే పని అంతకన్నా ఎక్కువేమీ కాదు.

అయితే ఆ ప్రమాణం ఎరుపు అంటుంది గానీ ఏ ఎరుపో చెప్పదు. అది తెర చేసినవాడి ఇష్టం. ఒకచోట 31 కుంకుమలా ఉంటుంది, ఇంకోచోట ఇటుక రంగులో ఉంటుంది. ఐబీఎం పీసీ తొలి రంగు తెరల్లో ముదురు పసుపు రావాల్సిన చోట గోధుమ రంగు వచ్చేది, కావాలనే అలా చేశారు. పసుపు పంపినవాడికి అవతల గోధుమ పడిందని ఎప్పటికీ తెలియదు.

ఎనిమిది రంగులంటే తక్కువేం కాదు. చేర్యాల నకాశీ పటం చూసినవాళ్ళు ఆ మాట అనరు. చేర్యాల ఉమ్మడి వరంగల్ జిల్లాలో ఉండేది, 2016లో సిద్దిపేట జిల్లాలోకి పోయింది, అసెంబ్లీకి మాత్రం ఇప్పటికీ జనగామ నియోజకవర్గమే. గంజి, సుద్దమట్టి, చింతగింజల జిగురు పట్టించిన గుడ్డ. దాని మీద ముందు ఎరుపు నిండుగా పరుస్తారు. ఆ తర్వాత పసుపు, నీలం, ఆకుపచ్చ, తెలుపు, చివరికి నల్ల గీత. నీడలు లేవు, సన్నటి ఛాయలు లేవు. ఎందుకు లేవో నాకు తోచిన కారణం ఇది. ఆ పటం పడకటింట్లో దగ్గరగా కూర్చుని చూసేది కాదు. ఊరి నడుమ రాత్రిపూట నిలబెట్టి, దీపం వెలుతుర్లో, వెనక వరుసలో కూర్చున్నవాడికి కూడా అర్థం కావాలి. పైగా ఒక్కో కులం కథ ఒక్కో పటం. గౌడులకి గౌడజెట్టివాళ్ళు చెప్పే కథ వేరు, పద్మశాలీలకి కూనపులివాళ్ళు చెప్పేది వేరు, ముదిరాజులకి కాకిపడగలవాళ్ళు చెప్పేది వేరు. బొమ్మ గీసేవాడికి ఎవరు చూస్తారో ముందే తెలుసు. ఎంత దూరం నుంచి చూస్తారో తెలుసు. రంగు ఆ తర్వాత.

ఆ రాత్రి నేను రెండు దారుల మధ్య ఆగిపోయాను. ఒకటి దగ్గరి దారి. సర్వర్‌కి తెలిసిన పేరు ఒకటి, ఎక్స్‌టెర్మ్-256కలర్ అని, నా స్టార్టప్ ఫైలులో రాసిపెట్టడం. చాలామంది అదే చేస్తారు. రంగులు వెంటనే వచ్చేస్తాయి కూడా. కానీ అది అబద్ధపు పేరు చెప్పడం. మనం ఎక్కడి నుంచి లోపలికి వచ్చినా సర్వర్ ఆ ఫైలు చదువుతుంది. రేపు సర్వర్ గదిలో పాత కన్సోల్ ముందు కూర్చున్నా, టీమక్స్ లోపల ఉన్నా ఆ ఫైలు అదే పేరు చెప్తుంది. టీమక్స్ అంటే మధ్యలో కూర్చున్న దుబాసీ. బయటి తెరతో ఒక భాష, లోపలి ప్రోగ్రాముతో ఇంకో భాష మాట్లాడుతుంది. దాని లోపల మన పేరు టీమక్స్-256కలర్ గానో, స్క్రీన్-256కలర్ గానో ఉండాలి. ఇంకో పేరు చెప్తే ఒకరోజు ఒక గీత తప్పుతుంది, ఇంకోరోజు తెర సగం తుడవకుండా మిగిలిపోతుంది. ఎందుకో అంతు చిక్కదు. నేనొకప్పుడు అలా పోగొట్టుకున్న మధ్యాహ్నాలున్నాయి.

రెండోది కొంచెం పొడుగు దారి. నా లాప్‌టాప్‌లో ఇన్‌ఫోకంప్ అని కొడితే, నా టెర్మినల్ పూర్తి పరిచయం అక్షరాల్లో వచ్చేస్తుంది. పేరు, ఊరు, చేతనైన పనులు, రంగుల లెక్క. దాన్ని సర్వర్‌కి పంపి, అక్కడ టిక్ అనే కమాండుతో దాని ఖాతాలో ఎక్కించాలి. పెద్ద ఖాతా ముట్టే అధికారం లేకపోయినా పర్లేదు, మన సొంత హోమ్ డైరెక్టరీలోనే ఒక చిన్న ఖాతా పెట్టుకోనిస్తుంది. రెండు నిమిషాల పని. తర్వాత టీపుట్ కలర్స్ అని అడిగితే సర్వర్ 256 అని జవాబిచ్చింది. ఎల్ఎస్ కొట్టాను. నీలం, ఆకుపచ్చ, ఎరుపు. గడప దగ్గరే నిలబడ్డ చుట్టానికి ఇంట్లోవాళ్ళు ఎవరి తాలూకో తెలుసుకుని కాళ్ళకి నీళ్ళిచ్చినట్టు అనిపించింది.

ఆ 256 ఎక్కడిదో కూడా చెప్పాలి, ఎందుకంటే మిర్చి రంగు నాకు అందులోనే దొరికింది. మొదటి 16 పాత రంగులు, వాటి వెలుగు ఛాయలతో సహా. చివరి 24 బూడిద మెట్లు. మధ్యలో ఎరుపుకి ఆరు మెట్లు, ఆకుపచ్చకి ఆరు, నీలానికి ఆరు. ఆరారుల ముప్పై ఆరు, ముప్పై ఆరు ఆరులు 216. ఆకుపచ్చ, నీలం సున్నాలో పెట్టి ఎరుపు ఒక్కటే మెట్టెక్కిస్తూ పోతే 52, 88, 124, 160, 196. ఐదు ఎరుపులు. 196 మిలమిల మెరిసే దుకాణం బోర్డు ఎరుపు. 124 దగ్గరికి వచ్చేసరికి మా ఊరి కల్లం. 88 నిరుడు కోల్డ్ స్టోరేజీలో పెట్టి తీసిన కాయ.

ఇది ఊరికే అంటున్న మాట కాదు. మిర్చి రైతుకి రంగే ధర. మర్నాడు పొద్దున కల్లం దగ్గర మేనత్త కాయ ఏరుతుంటే పక్కన కూర్చున్నాను. ఎర్ర కాయ ఒక కుప్ప. తెల్లబారి, మచ్చపడ్డ తాలు ఇంకో కుప్ప. ఎండబెట్టేటప్పుడు ఒక్క వాన పడ్డా ఎర్ర కుప్ప తగ్గి తాలు కుప్ప పెరుగుతుంది. ఎనుమాముల మార్కెట్లో ఖరీదుదారుడు బస్తాలో చెయ్యి పెట్టి గుప్పెడు కాయ తీసి వెలుతుర్లో ఒక్కసారి చూస్తాడు. ఆ ఒక్క చూపులో రైతు ఏడాది ఉంటుంది. 2025లో భౌగోళిక గుర్తింపు వచ్చిన వరంగల్ చపాటా మిర్చి అయితే కారం తక్కువ, రంగు ఎక్కువ. దాన్ని కొనేదే రంగు కోసం. అత్త ఏరుతూ ఏరుతూ ఒక కాయని రెండు కుప్పల మధ్య పట్టుకుని ఆగింది. సగం ఎరుపు, సగం తెలుపు. కాసేపు అటూ ఇటూ తిప్పి తాలులో వేసింది. "ఎర్రదాంట్లేస్తే మొత్తం బస్తా మీద మాట వస్తది" అంది.

అది విన్నాక, అబద్ధపు పేరు రాయకుండా పొడుగు దారిన పోయినందుకు మనసు కుదుటపడింది.

భూపాలపల్లిలో నాకో స్నేహితుడున్నాడు, సింగరేణిలో పని. డిగ్రీలో ఇద్దరం ఒకే టెర్మినల్ ముందు కూర్చుని వంతులేసుకుని సీ ప్రోగ్రాములు రాశాం. ఏడెనిమిదేళ్ళ కింద వాడి దగ్గరికి పోతే రేగొండ వైపు పాండవుల గుట్టకి తీసుకెళ్ళాడు. 1990లో బయటి లోకానికి తెలిసిన రాతి చిత్రాలు అక్కడున్నాయి. ఎక్కువగా ఎరుపు. కొన్నిచోట్ల తెలుపు, పసుపు, ఆకుపచ్చ. జంతువులు, గీతల ముగ్గులు. గుట్ట చరియ కింద నిలబడి తల ఎత్తితే మొదట ఏమీ కనపడలేదు. వాడు నా భుజం పట్టి రెండడుగులు పక్కకి జరిపాడు. వెలుతురు మారింది. రాతిలోంచి ఒక జంతువు వీపు గీత మెల్లగా తేలింది. ఎవరు, ఎవరి కోసం గీశారో చెప్పే ఖాతా ఏదీ మిగల్లేదు. రంగు మాత్రం ఇంకా ఎవరైనా వచ్చి సరైన చోట నిలబడతారేమోనని కాచుకుని ఉంది. పగలంతా భూమి లోపల టోపీ దీపం వెలుతుర్లో పనిచేసే మనిషి కాబట్టి, ఎక్కడ నిలబడితే ఏం కనపడుతుందో వాడికి అంత బాగా తెలుసేమో.

రంగు తెప్పించడం ఎంత ముఖ్యమో, రంగు వద్దన్నప్పుడు ఊరుకోవడం కూడా అంతే. ఎల్ఎస్‌కి ఆటో అని చెప్పి ఉంచితే అది ప్రతిసారీ ఒక ప్రశ్న వేసుకుంటుంది. నా మాట వింటున్నది మనిషి కూర్చున్న తెరా, లేక ఫైలో, ఇంకో ప్రోగ్రామో? తెర అయితే రంగు. ఫైలు అయితే ఉత్త అక్షరాలు. ఈ మర్యాద తెలియక ఎప్పుడూ రంగు వేయమని పట్టుబడితే, ఆ ఎస్కేప్ అక్షరాలు ఫైలులోకి దూరి, ఆరు నెలల తర్వాత ఎవరో దాన్ని తెరిచినప్పుడు 31లూ ఎంలూ రాలిపడతాయి. లెస్ ద్వారా చదివేటప్పుడు రంగు కావాలంటే పెద్ద ఆర్ గుర్తు ఇచ్చి అనుమతి చెప్పాలి. అసలు రంగే వద్దనుకునేవాళ్ళ కోసం 2017లో నో-కలర్ అనే ఒప్పందం పుట్టింది. ఆ పేరుతో ఒక గుర్తు పెట్టుకుంటే, ఒప్పందం తెలిసిన ప్రోగ్రాములన్నీ రంగు మానేస్తాయి. ఎరుపూ ఆకుపచ్చా వేరుగా కనపడని కళ్ళు మగవాళ్ళలో నూటికి కొన్ని ఉంటాయి. గిట్‌లో రంగుతోపాటు ప్లస్సూ మైనస్సూ కూడా ఉండడం వాళ్ళకి అక్కరకొస్తుంది. పాత సిగ్నళ్ళలో పగలు రెక్క వాలు, రాత్రి దీపం రంగు చెప్పినట్టు.

ఒక్క లోటు నన్ను ఇప్పటికీ బాధిస్తుంది. ఈ నల్ల తెర ఒక్కో అక్షరానికీ ఒక్కో గడి ఇచ్చే తెర. ఇంగ్లిష్ అక్షరం ఆ గడిలో బుద్ధిగా కూర్చుంటుంది. మన ఒత్తులూ గుణింతాలూ కూర్చోవు. చాలా టెర్మినళ్ళలో "స్త్రీ" అని రాస్తే ముక్కలు ముక్కలుగా పడుతుంది. కోటిన్నరకి పైగా రంగులు చూపించగల తెర మీద నా పేరు నాకు సరిగ్గా కనపడదు. దీని మీద పనిచేస్తున్నవాళ్ళున్నారు. మన పిల్లల్లో ఇంకొందరు చెయ్యి వేయాలని నా కోరిక.

ఇక ఆ రాత్రి సంగతి. రంగులొచ్చిన సంబరంలో ఉండగా వెనక అడుగుల చప్పుడైంది. నాయినకి నిద్ర పట్టలేదు. నైట్ డ్యూటీల అలవాటు ఒంట్లోంచి పోలేదు. కుర్చీ లాక్కుని పక్కన కూర్చున్నాడు. కాసేపు తెర వైపు చూసి, వేలు పెట్టి చూపించాడు.

"గీడ ఏం లేదు గదా బిడ్డా. నడుమ నడుమ ఖాళీ ఇడిచినవేంది?"

నాకు అర్థం కాలేదు. ఆయన వేలున్న చోట ఒక డైరెక్టరీ పేరుంది. దాని కింద రెండు ఫైళ్ళు, మళ్ళీ ఇంకో డైరెక్టరీ. ఆయన వేలు సరిగ్గా డైరెక్టరీల మీదే ఆగుతోంది. నలుపు మీద ముదురు నీలం. అప్పుడు తట్టింది. తెల్లటి వెలుగులో కంటికి తోచే కాంతిని నూరు పాళ్ళనుకుంటే, తెర ఇచ్చే నీలానిది అందులో ఏడు పాళ్ళే. ఆకుపచ్చది డెబ్బై రెండు, మిగిలింది ఎరుపుది. పైగా శుక్లం పట్టిన కంటి లోపలి అద్దం పసుపు తిరుగుతుంది, ఆ పసుపు నీలాన్ని మింగేస్తుంది. నా సర్వర్‌తో గంటసేపు పరిచయాలు చేసుకున్నాను. పక్క గదిలో ఉన్న కంటి సంగతి అడగలేదు.

మా ఇంట్లో అలమర మీద ఒక అద్దం ముక్క ఉంటుంది. పాత రెక్క సిగ్నల్లో పగిలిపోతే నాయిన తెచ్చి పెట్టుకున్నది. పగలు చూస్తే నీలం. చిన్నప్పుడు నేను దాన్ని నీలం అద్దమనే అనేదాన్ని. ఒక రాత్రి నాయిన కందిలి వెలిగించి, ఆ మంట ముందు ఆ ముక్క పట్టుకున్నాడు. ఆకుపచ్చ! కిరోసిన్ మంట పసుపు కాబట్టి, దాని ముందు ఆకుపచ్చ కనపడాలంటే అద్దం నీలంగా ఉండాలట. ఇంజను మీదున్న మనిషి కంటికి చివరికి ఏది చేరుతుందో లెక్కగట్టి, దానికి తగ్గ అద్దం పోశారు. ఆ ముక్క ఇన్నేళ్ళూ ఇంట్లోనే ఉంది.

ఎల్ఎస్ కలర్స్ అనే వరుసలో డైరెక్టరీకి 34 అని రాసి ఉంటుంది. దాన్ని 33 చేశాను. మళ్ళీ ఎల్ఎస్ కొట్టాను.

నాయిన ముందుకి వంగాడు. స్టేషన్ కోడ్లు చదివిన అలవాటుతో ఒక్కో ఇంగ్లిష్ అక్షరం పలికాడు. "బి... ఏ... సి... కె..." మొత్తం చదివి, "పచ్చగున్నది. గిప్పుడు మంచిగ కనవడ్తున్నది" అన్నాడు.

ఆ వారంలోనే ఆపరేషన్ అయ్యి, కంటి కట్టు విప్పారు. ఆస్పత్రి నుంచి వచ్చిన సాయంత్రమే అద్దం ముక్క చేతిలోకి తీసుకుని చాలాసేపు చూశాడు. నీలం ఇంత నీలమని మరిచిపోయానన్నాడు. తర్వాత నా లాప్‌టాప్ గుర్తుకొచ్చి, ఆ రోజు కనపడని రంగు ఒకసారి చూపించమన్నాడు. 34 పెట్టి చూపించాను. ప్రతి పేరూ చదివాడు.

"చూసిన. ఇగ పచ్చదే పెట్టు" అన్నాడు. "అది దూరంకెళ్ళి కూడ కనవడ్తది."